తర్వాత ఏం విందాం?

వినడం నా ఉద్యోగం. బి.ఎస్సీ. అయ్యాక, 2000ల మొదట్లో, హైదరాబాదులో వీధివీధినా మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్పే సెంటర్లు వెలుస్తున్న రోజుల్లో నేనూ ఒకదాంట్లో చేరి నేర్చుకున్నాను. అమెరికాలో డాక్టరు పేషెంటుని చూసి, ఆ వివరాలన్నీ గబగబా రికార్డు చేసి పంపితే ఇక్కడ మేము విని టైపు చేసేవాళ్లం. కాలికింద పెడల్ నొక్కితే గొంతు నడిచేది, వదిలితే ఆగేది. ఇప్పుడు ముందు యంత్రం టైపు చేస్తుంది. అది తప్పు విన్నచోట మేము సరిగ్గా విని దిద్దుతాం. పని సగమైందని జీతం లెక్క మార్చారు గాని, వినే గంటలు మాత్రం అన్నే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా నా చెవులు అద్దెకిచ్చిన ఇల్లులాంటివి. సాయంత్రం ఆరయ్యాక అవి మళ్లీ నావవుతాయి. అప్పుడు వాటిలో తెలుగు నవల పెట్టుకుంటాను.

మా ఇల్లు జీడిమెట్లలో, షాపూర్ నగర్ వైపు. సైబరాబాద్ అనగానే అందరికీ గుర్తొచ్చే అద్దాల మేడలకీ మా వీధికీ పోలికేమీ లేదు. మావైపు మందుల కంపెనీలు, రసాయనాల ఫ్యాక్టరీలు, ప్లాస్టిక్ డబ్బాలు చేసే షెడ్లు, షిఫ్టు వదిలినప్పుడు గుంపుగా నడిచొచ్చే మనుషులు. కొన్ని రాత్రులు కిటికీలు మూసినా ఆగని వాసన. ఇక్కడినుంచి బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీ చేరడానికి ట్రాఫిక్‌ని బట్టి గంటో గంటన్నరో. మెట్రో త్వరగా తీసుకెళ్తుంది. బస్సు నెమ్మది, కానీ 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. దాని గురించి ఎవరి లెక్కలు వాళ్లు వేస్తున్నారు. నా లెక్క ఒకటే. డబ్బు మిగలడం సరే, బస్సయితే రానూపోనూ నాకు ఒక కథ అదనంగా మిగులుతుంది.

బస్సులో ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. రెండో చెవి రోడ్డుకి, కండక్టరుకి, వెనకనుంచి జరిగి జరిగి దగ్గరికొచ్చే మనిషికి. ఇంట్లోనూ అంతే. ఒక చెవి కథకి, ఇంకోటి కుక్కర్ కూతకి, అత్తమ్మ పిలుపుకి. మావారు వింటే రెండు చెవులకీ పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. రెండు చెవులతో కథ వినగలగడం కూడా ఒక హోదానే అని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది.

పుస్తకం పట్టుకుని కూచున్న ఆడమనిషి ఎవరి కంటికైనా ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. పిలవొచ్చు, పని చెప్పొచ్చు, కాఫీ అడగొచ్చు. వింటున్న ఆడమనిషి మాత్రం గిన్నెలు తోముతూనో బట్టలు మడతపెడుతూనో ఉంటుంది కాబట్టి ఆమె చదువుతోందని ఎవరికీ తెలియదు. దొంగతనంగా చదువుకోవడంలో ఇంత సుఖమైన పద్ధతి మనకి ఇంతకుముందు లేదు. ఆరేడేళ్లలో నేను విన్న నవలలు అంతకుముందు పదిహేనేళ్లలో చదివినవాటికంటే ఎక్కువ. అయితే దీన్నే తిప్పి చూస్తే నాకు భయం వేస్తుంది. పని ఆపకుండానే చదువుకోవచ్చు అంటే, ఇక చదువు కోసం పని ఆపక్కర్లేదనేగా! కూచుని చదువుకునే గంట కావాలని అడగాల్సిన మనం, అంట్లు తోముకుంటూ వినే అవకాశం దొరికిందని సంబరపడుతున్నాం. అందుకే ఆదివారం మధ్యాహ్నం ఒక గంట మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని వింటాను. కూరగాయల బుట్ట దగ్గరికి రానివ్వను. మొదట్లో చేతులు ఏదో పోగొట్టుకున్నట్టు వెతుక్కునేవి.

విన్నది చదివినట్టేనా అని మన అధ్యాపక మిత్రులు అడుగుతుంటారు. ఈ ప్రశ్న నాకు కాస్త విచిత్రంగా ఉంటుంది. మా నాయనమ్మల తరానికి సాహిత్యం అంటేనే చెవి. హరికథ, బుర్రకథ, పురాణ కాలక్షేపం, ఇక్కడ తెలంగాణలో ఒగ్గు కథ, శారద కథ, ఆడవాళ్లు దంచుకుంటూ పాడుకున్న పాటలు... అక్షరం వాళ్లకి దూరంగా ఉంది గాని కథ ఎప్పుడూ దూరం కాలేదు. కాకపోతే పాట వాళ్లు ఎంచుకున్నదే అయినా, పురాణంలో ఈ రాత్రి ఏ ఘట్టం చెప్పాలో పుస్తకం ముందు కూచున్న పెద్దమనిషి ఎంచేవాడు. భండారు అచ్చమాంబ 1902లో ‘స్త్రీ విద్య’ కథని మొత్తం భార్యాభర్తల సంభాషణగా రాసింది. చదువుకోవడం గురించిన ఆ కథని పైకి చదివి వినిపించుకోడానికే రాసినట్టు ఉంటుంది. చదువురాని ఆడవాళ్లు వింటారని ఆమె ఊహించే ఉంటుందని నాకనిపిస్తుంది. రుజువు అడిగితే నా దగ్గర లేదు, నా చెవి తప్ప.

మా తరానికి రేడియో. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రం మా తెనాలి ఇంట్లో ఒక మనిషి కిందే లెక్క. చలం ‘పురూరవ’లో ఊర్వశిగా శారదా శ్రీనివాసన్ గొంతు విన్నవాళ్లకి ఆ మాటల్ని ఇంకో గొంతుతో ఊహించుకోవడం కష్టం. నేను పెద్దయ్యాక విన్నాను, నాకూ అంతే. కాగితం మీద చదివినప్పుడు ఊర్వశి చలం మాటలు మాట్లాడుతోంది. ఆ గొంతులో విన్నప్పుడు ఊర్వశి తన మాటలే మాట్లాడుతోంది. కానీ రేడియో దగ్గర మనం ఎంచుకునేదేమీ ఉండేది కాదు. వాళ్లు వేసినప్పుడు, వేసింది వినాలి. అమ్మ అన్నం వార్చడాన్ని నాటకం టైముకి తగ్గట్టు జరుపుకునేది గాని, నాటకాన్ని జరపడం ఆమె చేతుల్లో లేదు.

ఇప్పుడు మన చేతుల్లో ఉందంటారు. నిజంగా ఉందా?

మా ఇంట్లో పెద్ద ఫోను నాదొకటే ఇంట్లో ఉంటుంది కాబట్టి అత్తమ్మ కోసం లలితా సహస్రనామం ఒకసారి అందులోనే పెట్టాను. ఆ తర్వాత రెండు నెలలపాటు ఆ యాప్ నాకు స్తోత్రాలు, వ్రత కథలు, గర్భిణి స్త్రీలు వినవలసిన సంగీతం చూపిస్తూనే ఉంది. నాకు నలభై ఆరేళ్లు. స్త్రీల కోసమని ప్రత్యేకంగా పెట్టిన వరసలో పిల్లల పెంపకం, మనశ్శాంతి, కోటీశ్వరుడి కోపం ప్రేమగా మారే వంద ఎపిసోడ్ల కథలు. ఒకటి వింటే అలాంటివే ఇంకో పది. ఇంతకుముందు పురాణం చెప్పే పెద్దమనిషి నీకేది మంచిదో చెప్పేవాడు. ఇప్పుడు ఈ యంత్రం నీకేది ఇష్టమో నీకే చెబుతోంది. మొదటివాడితో పోట్లాడటం తేలిక.

అందుకని తర్వాతి పుస్తకాన్ని నేనే ఎంచుకోడానికి కొన్ని పట్టింపులు పెట్టుకున్నాను. వాదన ఉన్న పుస్తకం చెవికి పనికిరాదు. రంగనాయకమ్మ వ్యాసాలకి నాకు పెన్సిల్ కావాలి, వెనక్కి వెళ్లి అంచున గీత పెట్టుకోవాలి, ఒక్కోసారి కోపంతో పుస్తకం మూయాలి. బస్సులో ఇవేవీ కుదరవు. మనుషులు మాట్లాడుకునే పుస్తకాలు చెవికి బాగుంటాయి. అరగంట కథలైతే బస్సుకి, పొడుగు నవలైతే వంటింటికి. నిద్రపోయే ముందు ఇదివరకు చదివిందే, మధ్యలో నిద్రపట్టినా నష్టం లేదు. అన్నిటికంటే ముందు మొదటి ఐదు నిమిషాలు విని చూస్తాను. చదివేది మగవాడైతే ఆడవాళ్ల మాటల్ని ఎలా పలుకుతాడో చూస్తాను. గొంతు సన్నం చేసి, ప్రతి ఆడమనిషినీ ఏడుపు అంచున నిలబెట్టేవాళ్లని అక్కడే ఆపేస్తాను. కొందరు ఆడవాళ్లూ అలాగే చదువుతారు, బుద్ధిగా, తీయగా. ఎదురు తిరుగుతున్న మాటని కూడా బతిమాలుతున్నట్టే పలుకుతారు. ఇక ఈమధ్య యంత్రమే చదివేస్తున్న పుస్తకాలు కూడా వస్తున్నాయి. ఉచ్చారణ ఫరవాలేదు గాని దానికి ఊపిరి ఉండదు. ఇరవై ఏళ్లు డాక్టర్ల ఊపిరి విన్నదాన్ని, నాకది తెలిసిపోతుంది. చెడ్డవార్త చెప్పే ముందు మనిషి ఒక్క క్షణం ఆగుతాడు.

డాక్టరు పి.శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ కాలేజీ రోజుల్లో కళ్లతో చదివాను. విశాఖపట్నం ఇల్లు, మేడ మీద అద్దెకున్న ప్రకాశం, కళ్యాణి, కృష్ణమూర్తి అందరూ గుర్తున్నారు. అందరిలో ఎక్కువ గుర్తున్నది ఇందిర మీద నా చిరాకు. రెండేళ్ల కింద దాన్నే బస్సులో విన్నాను. చదివినావిడ ఇందిర మాటలకి ఏ రంగూ పులమలేదు. ఆఫీసుకి టైమవుతోంటే మాట్లాడే మనిషి మాట్లాడినట్టు చదివింది, అంతే. ఆ తొందర చెవిన పడగానే ఇందిర నాకు వేరే మనిషయింది. తండ్రినీ ఇంటినీ మోస్తూ, అలసిపోయానని చెప్పుకోడానికి కూడా తీరికలేని మనిషి. బాలానగర్ ఫ్లైఓవర్ మీద బస్సు ఆగిపోయి ఉంటే, నా చుట్టూ నిలబడ్డ అమ్మాయిల్లో నలుగురైదుగురు ఇందిరలు కనిపించారు. శ్రీదేవి 1961లో, చిన్న వయసులోనే పోయింది. రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్లు లెక్క కాబట్టి 2022 నుంచి ఆ నవలని ఎవరైనా చదివి రికార్డు చేసుకోవచ్చు. విశాఖ ఆడపిల్ల ఒకత్తి తన యాసలో చదివితే వినాలని నా కోరిక.

యాస సంగతికొస్తే, మా వెనక పోర్షన్‌లో ఉండే చెల్లెలి గురించి చెప్పాలి. దుబ్బాక వైపు మనిషి. ఐదో తరగతి దాకా చదివింది. ఇక్కడొక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని, వారం మారితే షిఫ్టు మారుతుంది. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. ఎనిమిది గంటలు చేతులు కదలాలి, చెవులకి యంత్రాల హోరు. ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేస్తూ ఫోను స్పీకర్లో కథ పెట్టుకుంటే పక్కకొచ్చి నిలబడి కాసేపు విన్నది. “ఎవరక్కా గీమె? వార్తలు సదివినట్టు సదువుతున్నది” అంది. ఇంకాస్త విని, “మంచిగనే ఉన్నది గని, గీ కథలల్ల మా అసొంటోళ్లు రారా?” అనడిగింది.

వస్తారు. గోగు శ్యామల కథల్లో వస్తారు, జూపాక సుభద్ర ‘రాయక్క మాన్యమ్’లో వస్తారు. నా ఫోనులో మాత్రం ఆ రోజు వాళ్లెవరూ లేరు. అచ్చులో ఉన్నవాళ్లందరూ ధ్వనిలోకి రాలేదు. ఎవరి పుస్తకానికి గొంతు దొరుకుతుందో ఎవరికి దొరకదో అన్నది పాత వరసలోనే నడుస్తోంది.

చేతులు పనిలో ఉండి చెవులు ఖాళీగా ఉన్నవాళ్లు కూడా ఏం వినాలో తామే ఎంచుకున్న చోటు ఒకటుంది. క్యూబాలో చుట్టల ఫ్యాక్టరీల్లో 1865 నుంచీ ఒక పద్ధతి నడిచింది. పొగాకు చుట్టే కార్మికుల మధ్య ఎత్తుగా కుర్చీ వేసుకుని ఒకరు పైకి చదివేవాళ్లు, పొద్దున వార్తలు, మధ్యాహ్నం నవలలు. చదివేవాళ్ల జీతం యజమాని ఇచ్చేది కాదు, కార్మికులే తమ కూలిలోంచి తలా కొంచెం వేసుకునేవాళ్లు. తర్వాత ఏ నవల చదవాలో ఓటు వేసి తేల్చుకునేవాళ్లు. ‘మాంటీక్రిస్టో’ అన్న చుట్ట పేరు వాళ్లు మళ్లీ మళ్లీ చదివించుకున్న డ్యూమా నవల నుంచే వచ్చిందంటారు. ప్యూర్టోరికోలో లూయిసా కాపెతీయో అనే ఆమె అలా చదివే ఉద్యోగం చేసింది. స్త్రీల హక్కుల మీద పుస్తకాలు రాసింది, ప్యాంటు తొడుక్కుని వీధిలో నడిచినందుకు 1915లో హవానాలో అరెస్టయింది. అమెరికాలోని టాంపాలో 1931లో యజమానులు ఈ చదివేవాళ్లని తీసేశారు. కార్మికులు సమ్మె చేశారు. తర్వాత వాళ్ల బదులు రేడియోలు వచ్చాయి. రేడియోకి ఓటు అక్కర్లేదు కదా.

ఈ సంగతి చెల్లెలికి చెబితే మొదట చుట్టల దగ్గరే ఆగిపోయింది. వాళ్లమ్మ దుబ్బాకలో ఇంటి దగ్గర బీడీలు చుడుతుందిట. “మా అమ్మకు ఎవరన్న గట్ల సదివి పెడితే దినాం ఇంకో వంద చుడుతుండె” అంది. తర్వాత కాసేపాగి, “కూలిల నుంచి పైసలెందుకు, నువ్వు ఉత్తగనే సదువు” అని నవ్వింది.

అలా మొదలైంది. రికార్డు చేసి అందరికీ పంచే ఆలోచన చేయలేదు, పుస్తకాలకి హక్కులుంటాయి. చూపులేనివాళ్లకి పుస్తకాన్ని ధ్వనిగా మార్చి ఇవ్వడానికి మన కాపీరైటు చట్టం 2012 సవరణతో దారి ఇచ్చింది. అదే పని కోసం వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. చాలా మంచి పని. కళ్లుండి బడి లేకపోయినవాళ్లకి మాత్రం అలాంటి దారి ఏదీ లేదు. సరే, డాబా మీద నలుగురి మధ్య పైకి చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకున్నాను.

మొదట తీసుకున్నది ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ఈ పుస్తకం గురించి ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూచుని, వాళ్ల మాటల్ని టేపుల మీదికెక్కించి, ఆ మాటల్నే అచ్చువేశారు. అంటే అది మొదట గొంతు. నలభై ఏళ్లు కాగితం మీద ఉండిపోయిన గొంతు. ఐలమ్మ పేరు వినగానే చెల్లెలు “సాకలి ఐలమ్మనా?” అని దగ్గరికి జరిగింది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టినప్పుడు టీవీలో చూసిందిట. అంత పెద్ద పేరున్న మనిషి తన భూమి, తన పంట గురించి మామూలుగా మాట్లాడటం విని ముందు నమ్మలేదు.

నాది తెనాలి నాలుక. ఆ మాటలు నా నోట్లో పొందికగా, ఇస్త్రీ చేసినట్టు వస్తున్నాయి. రెండో రోజుకల్లా ఆమెకి ఓపిక పోయింది. “గట్ల కాదక్కా” అని ఆపి, నేను చదివిన వాక్యాన్ని తను మళ్లీ పలికింది. మాట అదే, కానీ ఎక్కడ సాగాలో అక్కడ సాగింది, ఎక్కడ తెగాలో అక్కడ తెగింది. ఇంకోటి చదివాను, ఇంకోటి పలికింది. తర్వాత్తర్వాత నేను మెల్లిగా, ఆమెకి వినపడేంత చదవడం, ఆమె గట్టిగా, అందరికీ వినిపించేట్టు చెప్పడం అలవాటైంది. డాక్టర్ల మాట నా చెవిలోంచి వేళ్లలోకి దిగడం నాకు తెలుసు. ఒక పుస్తకం నా నోట్లోంచి ఇంకొకరి గొంతులోకి వెళ్లి అక్కడ మళ్లీ మనిషి కావడం అంతకుముందు చూడలేదు. ఒక చోట ఆమె చెప్పడం ఆపేసింది. నేను ఎదురుచూశాను. “జర ఆగు” అని కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పింది.

ఇప్పుడు మేము ఆరుగురం. మా అత్తమ్మ, కింది పోర్షన్ పెద్దమ్మ, ఎదురింట్లో టైలరింగ్ చేసే ఆమె, ఆమె కోడలు, చెల్లెలు, నేను. పుస్తకాలు వరసగా పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో చింతగింజ ఇస్తాం. రాయడం రానివాళ్లున్నారు కాబట్టి చీటీలు కుదరవు. మొదటిసారి నేను ఓల్గా ‘రాజకీయ కథలు’ పెట్టాను, పెద్దమ్మ యద్దనపూడి ‘సెక్రటరీ’ పెట్టింది. నాలుగు గింజలు ‘సెక్రటరీ’కి, రెండు నాకు. ఆ రెండోది ఎవరిదో ఇప్పటిదాకా తెలియలేదు. అత్తమ్మదని నా అనుమానం.

యద్దనపూడి నవలలు ఆడవాళ్లకి కలలు అమ్మాయని మనలో చాలామంది రాశారు. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను, ఇప్పుడూ పూర్తిగా మానుకోలేదు. కానీ డాబా మీద అది వేరేలా వినపడింది. రాజశేఖరం కారు, బంగళా వచ్చినప్పుడు పెద్దమ్మ కళ్లు మూసుకుని వినేది. చెల్లెలు మాత్రం మొదటి రోజే అడిగింది, “జయంతికి జీతమెంత?” నేను పేజీలు తిప్పుతుంటే టైలరమ్మ అందుకుంది. సెలవులు ఇస్తారా, పెళ్లయితే ఉంచుతారా, ఆ మేనేజరు వెనక తిరిగితే ఎవరికి చెప్పుకోవాలి? కథ ఒక పక్క నడుస్తుంటే ఆ నవలలోని ఆఫీసు మీద వీళ్లు వేరే విచారణ నడిపారు. ఎం.ఫిల్. సిద్ధాంత గ్రంథాల్లో ఈ ప్రశ్నలు నాకు కనపడలేదు, ఉన్నాయేమో మీరు చెప్పాలి.

పోయిన ఆదివారం మళ్లీ గింజలు పంచాం. ‘రాజకీయ కథలు’ రెండోసారీ ఓడిపోయింది, ఒక్క గింజే పడింది. గెలిచింది 2019లో వచ్చిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’. ఆ పేరు చదవగానే టైలరమ్మ కోడలు ఇంకేమీ వినకుండా గింజ పెట్టేసింది. అదీ చెప్పగా రాసిన పుస్తకమే కాబట్టి చెప్పే పని చెల్లెలిదే అని అందరూ తేల్చేశారు. ఆమెకి ఈ వారం సెకండ్ షిఫ్టు, రాత్రి పదింటిదాకా రాదు. ఆమె లేకుండా మొదలుపెట్టొద్దని పెద్దమ్మ గట్టిగా చెప్పింది. అందాకా ‘సెక్రటరీ’లో తనకి నచ్చిన రెండు చోట్లు మళ్లీ చదవమంటోంది, ఎవరూ మధ్యలో జీతం గురించి మాట్లాడకుండా.